పార ఎన్నాళ్లు మన్నుతుందో దాని మెడ చెబుతుంది

మీరు చెప్పినవి మూడు. నిలువు కర్ర షవల్ రెండు సీజన్లకే రేకూ కర్రా కలిసేచోట విరిగింది. కుండీలకు వాడే చేతిపార మెడ దగ్గర వంగిపోయింది. కొమ్మలు కత్తిరించే కత్తెర బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. ఈసారి అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి కొంటే ఈ బెడద వదులుతుందా అని అడిగారు.

కత్తెరకైతే కొంతవరకు వదులుతుంది. షవల్‌కూ చేతిపారకూ వదలదు, ఎందుకంటే ఆ రెండూ తుప్పు పట్టి పోలేదు. మెడలో బలం చాలక పోయాయి. తోట పనిముట్లలో రేకు అరిగి అరిగి పనికిరాకుండా పోయేవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఇనుమూ కర్రా కలిసే ఆ జానెడు మేరలోనే చెడిపోతాయి. అందుకని కొనేటప్పుడైనా, వాడేటప్పుడైనా, పని అయ్యాక కడిగి పెట్టేటప్పుడైనా ముందు చూడాల్సింది ఆ జానెడు మేరనే.

అక్కడ ఎంత బలం పడుతుందో ఒక్కసారి లెక్క వేసి చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. షవల్ రేకును మట్టిలోకి దించి, కర్ర కొస పట్టుకుని వెనక్కి నొక్కుతారు. రేకు పైన కర్ర దూరే గొట్టం అంచు నుంచి మీ చేతి దాకా 110 సెంటీమీటర్ల కర్ర ఉందనుకుందాం. కొసన 40 కిలోల బరువుతో నొక్కారు. కర్ర మందం 38 మిల్లీమీటర్లయితే గొట్టం అంచు దగ్గర కర్ర పీచుల మీద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. పనిముట్ల కర్రగా పేరున్న యాష్ కలప, బాగా ఎండి, ముడులు లేనిది, 100 దగ్గర విరుగుతుంది. అంటే ఒక మనిషి తన ఒంటి బరువులో సగం కర్ర మీద మోపితే చాలు, కొత్త కర్ర కూడా విరిగే గీతకు దగ్గరికి వచ్చేస్తుంది. దానికి తోడు కర్రను గొట్టానికి పట్టి ఉంచే రివెట్ మేకు కోసం వేసిన బెజ్జం, తడికి మెత్తబడిన పీచు, ఒక ముడి కలిస్తే విరగడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకొక లెక్క. గుండ్రటి కర్రకు వంపును తట్టుకునే బలం మందానికి ఘనంలో మారుతుంది. 38 మిల్లీమీటర్ల కర్రను గొట్టంలో పట్టడం లేదని 35కి చెక్కితే పోయింది 3 మిల్లీమీటర్లే అనిపిస్తుంది, కానీ బలం 22 శాతం పోతుంది. ఇందాకటి 40 కిలోల నొక్కుకే ఒత్తిడి 100 దాటిపోతుంది. మెడ దగ్గర కర్రను సన్నగా చెక్కి బిగించే అలవాటు ఎంత నష్టమో దీన్నిబట్టి చూడండి. అదే కర్ర పొడవు 60 సెంటీమీటర్లే ఉంటే ఒత్తిడి 44కి పడిపోతుంది. అడ్డపిడి ఉన్న పొట్టి స్పేడ్‌లు ఏళ్ల తరబడి నిలవడానికి ఇదొక పెద్ద కారణం.

అందువల్ల షవల్‌తో మట్టి ఎత్తండి, రాళ్లూ మొద్దులూ పెకలించకండి. ఆ పనికి గునపం ఉంది. అది నిండు ఇనపకడ్డీ, దానిలో విరగడానికి అతుకే లేదు. రేకు కింద వేరు అడ్డుపడితే కర్రను లాగకండి, రేకును పైకి తీసి పక్కన నిలువుగా పొడిచి వేరును తెంపండి. గట్టి బంకమట్టి అయితే ముందురోజు తడిపి, మట్టి చేతికి అంటకుండా విడిపోయే పదునుకు వచ్చాక తవ్వండి. ఒక్కో పోటుకు రేకులో సగమే దించితే పని పెద్దగా ఆలస్యం కాదు, మెడ మాత్రం బతుకుతుంది.

కొనేటప్పుడు

షవల్‌ను తిరగేసి రేకు వీపు చూడండి. రేకు మధ్యలో మెడ నుంచి కిందికి పొడవాటి గుంట కనిపిస్తే, అది సమానమైన మందం ఉన్న రేకును అచ్చులో నొక్కి చేసినది. ఇందులో చిక్కేమిటంటే మెడ దగ్గరా అంచు దగ్గరా ఒకే మందం ఉంటుంది. బలం అవసరమైన చోట అదనపు ఉక్కు ఉండదు. పైగా ఆ గుంటలో తడిమట్టి కూరుకుపోయి గొట్టం మొదట్లోనే తుప్పు మొదలవుతుంది. కొన్నిటికి ఆ గుంట మీద ఒక పలక వేసి వెల్డింగ్ చేస్తారు. దానివల్ల గట్టిదనం పెరుగుతుంది, కానీ వెల్డింగ్ అంచులో సందు ఉంటే నీళ్లు లోపలికి వెళ్లి బయటికి రావు. ఆ అతుకు చుట్టూ వేలితో తడిమి చూడండి.

ఒకే ఉక్కు ముక్కను కాల్చి సాగగొట్టి చేసిన రేకు వేరుగా ఉంటుంది. మెడ దగ్గర మందంగా మొదలై అంచుకు వచ్చేసరికి పలచబడుతుంది, గొట్టం కూడా అదే ముక్కలోంచి వస్తుంది. బరువు కొంచెం ఎక్కువ. తవ్వడానికి ఒక్క పనిముట్టే కొనేటట్టయితే ఇదే కొనమంటాను.

నొక్కి చేసిన రేకుల మందం గేజ్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. 14 గేజ్ ఉక్కు రేకు 1.9 మిల్లీమీటర్లు, 16 గేజ్ 1.5, 18 గేజ్ 1.2. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ రేకు వంగకుండా నిలిచే గుణం కూడా మందానికి ఘనంలోనే ఉంటుంది. ఆకారం ఒకటే అయితే 16 గేజ్ గట్టిదనం 14 గేజ్‌లో దాదాపు సగం. తవ్వడానికి 14 కంటే పలచనిది తీసుకోకండి. వదులుమట్టి, ఎరువు, ఎండుటాకులు ఎత్తడానికి 16 చాలు. 18 గేజ్‌ది తవ్వడానికి కొంటే మొదటి గట్టి నేలలోనే అంచు ముడతలు పడుతుంది.

తర్వాత గొట్టం. కర్ర గొట్టంలోకి ఎంత లోతుగా దిగితే అంత మంచిది. జానెడు కనీసం, 25 సెంటీమీటర్లుంటే మేలు. గొట్టం వెనక చీలిక తెరుచుకుని లోపలి కర్ర కనిపిస్తుంటే వానా మట్టీ అందులోంచే దూరతాయి, గట్టిగా నొక్కినప్పుడు ఆ చీలిక ఇంకా విచ్చుకుంటుంది. కొన్ని స్పేడ్‌లకు గొట్టం బదులు ముందొకటి వెనకొకటి ఉక్కు పట్టీలు కర్ర మీదుగా పైకి పోతాయి. వంపు బలం ఒక్క గీత మీద పడకుండా పట్టీ పొడవునా పంచుకుంటుంది కాబట్టి ఇది బలమైన కట్టుబడి. రివెట్లు రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే కర్ర దాని చుట్టూ ఊగుతూ బెజ్జాన్ని పెద్దది చేసుకుంటుంది.

కర్రను కళ్లకు తిన్నగా పట్టుకుని కొస నుంచి కొసకు చూడండి. వంకర అంత ముఖ్యం కాదు, పీచు ముఖ్యం. పీచు గీతలు కర్ర పొడవునా సాగాలి. 20 సెంటీమీటర్ల పొడవులో గీత 1 సెంటీమీటరు కంటే ఎక్కువ పక్కకు జారి అంచు దాటిపోతుంటే ఆ కర్ర ఆ గీత వెంబడే ఏటవాలుగా చీలుతుంది. గొట్టానికి పైన మొదటి రెండు జానల్లో ముడి ఉంటే వదిలేయండి. రంగు పూసిన కర్ర కూడా వద్దు, రంగు కింద పీచూ ముడీ ఏదీ కనిపించవు.

రేకు పైఅంచు, అంటే కాలు మోపే చోటు, మడిచి ఉందా చూడండి. మడవని అంచు చెప్పును కోస్తుంది, అంతకంటే ముఖ్యంగా కాలి దెబ్బకు రేకు భుజాలు కిందికి వంగిపోతాయి.

ఉక్కు సంగతి, స్టెయిన్‌లెస్ సంగతి

మంచి తవ్వే పనిముట్లకు 0.5 నుంచి 0.8 శాతం కార్బన్ ఉన్న ఉక్కు వాడి, కాల్చి చల్లార్చి, మళ్లీ కొంచెం వేడి చేసి పదును పెడతారు, అంటే తగినంత గట్టిదనం తెస్తారు. రాయి తగిలితే అంచు పెళుసుగా రాలకూడదు, మైనంలా మడతా పడకూడదు. ఈ రెంటి మధ్యా నిలిపేది ఆ రెండో వేడి. మెత్తటి మామూలు ఇనుముకు ఈ పదును ఎక్కదు. దీన్ని తెలుసుకోవడానికి ఆకురాయి మంచి పరికరం. రేకు అంచు మీద ఒక్కసారి తోయండి. మామూలు మేకు మీద లాగినట్టు పొడి ఇట్టే రాలితే అది మెత్తటి ఇనుము. కొంచెం ఎదురిస్తూ కోస్తే పదును పెట్టిన ఉక్కు. అసలు కోయకుండా గాజు మీద జారినట్టు జారితే అంచు మరీ గట్టిగా ఉంది, రాయి తగిలితే పెచ్చు రాలుతుంది.

స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అందుకే తుప్పు పట్టదు. నున్నగా ఉండడం వల్ల జిగటమట్టి అంటుకోదు, తేలిగ్గా కడగొచ్చు. ఇవి నిజమైన లాభాలు. కానీ స్టెయిన్‌లెస్‌లో చాలా రకాలున్నాయి. అయస్కాంతం అసలు అంటకపోతే అది కాల్చి చల్లార్చినా గట్టిపడని రకం, రాళ్లనేలలో దాని అంచు తొందరగా మొద్దుబారుతుంది. అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన గట్టిదని అనుకోవడానికీ లేదు, ఆకురాయితో చూసుకోవాల్సిందే. రేకు స్టెయిన్‌లెస్ అయినా గొట్టమూ రివెట్లూ మామూలు ఇనుమువి పెట్టడం కూడా కద్దు. అప్పుడు మీరు భయపడుతున్న తుప్పు మళ్లీ మెడ దగ్గరికే వస్తుంది.

చేతిపార విషయంలో రేకు ఏ లోహమన్నది రెండో మాట. మొదట రేకు నుంచి పిడిలోకి వెళ్లే కడ్డీని చూడండి. సన్నటి కడ్డీని రేకు వీపున చిన్న వెల్డింగ్ చుక్కతో అతికించినవి గట్టిమట్టిలో అక్కడే వంగుతాయి. రేకూ కడ్డీ ఒకే ముక్కగా ఉండాలి, కడ్డీ పిడిలోకి కనీసం సగం దాకా పోవాలి, పిడి మూతికి రోకలి పొన్నులాంటి లోహపు కట్టు ఉండాలి. ఆ పొన్ను లేకపోతే పిడి మూతి చీలుతుంది. పోతపోసిన అల్యూమినియం చేతిపారలు తుప్పు పట్టవు, మెత్తటి కుండీమట్టికి బాగుంటాయి. గట్టినేలలో మాత్రం అంచు తొందరగా అరిగిపోతుంది, ఒకసారి వంగితే తిరిగి సరిచేసేటప్పుడు పగులుతుంది. మీ చేతిపార కడ్డీ ఉక్కుదైతే బల్లకు బిగించి ఒక్కసారి నెమ్మదిగా వెనక్కి వంచి వాడుకోవచ్చు. రెండోసారి వంగితే ఆ చోట ఉక్కు అలిసిపోయినట్టు లెక్క.

విరిగిన షవల్‌కు కొత్త కర్ర

మీ షవల్ రేకు పారేయకండి. ముందు గొట్టం బాగుందో లేదో చూడాలి. రివెట్ తలను డ్రిల్లుతో తొలిచేసి, మొండి మేకుతో కొట్టి బయటికి తీయండి. గొట్టంలో ఇరుక్కున్న కర్ర మొండెంలోకి 8 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగైదు పక్కపక్కనే వేస్తే అది గుల్లబారి ఉలితో రాలిపోతుంది. తొందరకొద్దీ మంటలో పెట్టి కర్రను కాల్చేస్తుంటారు. అది చేయకండి. ఆ వేడికి మెడలోని పదును పోయి ఉక్కు మెత్తబడుతుంది, తర్వాత కర్ర విరగదు గానీ మెడ వంగుతుంది.

గొట్టం లోపలా బయటా తీగ బ్రష్‌తో తుప్పు రాల్చండి. ఇప్పుడు మెడ చుట్టూ కిరోసిన్ పూసి పది నిమిషాలు వదిలేయండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి పలచగా అద్దండి. కంటికి కనిపించని పగులు ఉంటే అందులోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత తేలుతుంది. మెడకు అడ్డంగా గీత వస్తే ఆ రేకుకు కొత్త కర్ర దండగ. వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అంటే, ఈ రకం ఉక్కును ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనున్న ఉక్కు పెళుసెక్కి అక్కడ మళ్లీ విరుగుతుంది. పగులు మెడలో కాక రేకు అంచున ఉంటే మాత్రం దారి ఉంది. పగులు ఆగిన కొసన 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. పగులు మొన గుండ్రంగా మారి అక్కడితో ఆగుతుంది.

కర్ర ఎండి ఉండాలి. ఈ ఒక్కటీ సరిగ్గా లేకపోతే మిగతా శ్రమంతా వృథా. పచ్చికర్ర బిగించినరోజు గట్టిగానే ఉంటుంది, నెల తిరిగేసరికి చిక్కిపోయి గొట్టంలో ఊగుతుంది. కర్రను నీడలో, గాలి ఆడేచోట అడ్డంగా పెట్టి వారానికోసారి తూకం వేయండి. వరసగా రెండు మూడు వారాలు బరువు తగ్గకపోతే ఎండినట్టు. యాష్, హికరీ దొరికితే మంచివే. నల్లతుమ్మ బరువెక్కువైనా దెబ్బను బాగా తట్టుకుంటుంది. ఏ కలపైనా నిలువు పీచుదే కావాలి.

గొట్టం లోపల దీపపు మసి గానీ సుద్ద గానీ రాసి, చెక్కిన కర్ర కొసను దూర్చి తిప్పి బయటికి తీయండి. మసి అంటినచోట్లే తగులుతోందని అర్థం. అక్కడ మాత్రమే పలచగా చిత్రిక పట్టండి. మళ్లీ దూర్చండి. కొసన ఒకచోటా మూతి దగ్గర ఒకచోటా కాకుండా గొట్టం పొడవునా మసి సమానంగా అంటేదాకా ఇదే పని. ఎనిమిది పదిసార్లు పట్టొచ్చు, విసుగుపడకండి. ఈ ఓపికే కర్రకు ఆయుష్షు. గొట్టం మూతి దగ్గర కర్ర మందం ఒక్కసారిగా మెట్టులా మారకూడదు, ఏటవాలుగా కలవాలి. మెట్టు ఉన్నచోటే విరగడం మొదలవుతుంది.

కొసకు అవిసె నూనె రాసి, రేకును కిందికి వేలాడేలా కర్రను గాలిలో నిలువుగా పట్టుకుని, పైకొసను చెక్కసుత్తితో కొట్టండి. ప్రతి దెబ్బకూ కర్ర కిందికి దిగుతుంటే రేకు తన జడత్వం వల్ల నిలిచిపోయి కర్ర మీదికి ఎక్కుతుంది. రేకును నేలకు ఆనించి కొట్టడం కంటే ఇది తిన్నగా బిగుస్తుంది. ఎక్కడం ఆగి సుత్తి చప్పుడు గట్టిపడ్డాక రివెట్ బెజ్జం వేయండి, రివెట్ ఎంత మందమో అంతే, వదులు వద్దు. మెత్తటి ఇనుము రివెట్ దూర్చి, అడుగున దన్ను పెట్టి, గుండ్రటి తల సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి రివెట్ కొసను తలలా పరచండి. స్క్రూ వాడొద్దు, ఊగులాటకు పీచును కోసుకుంటూ బయటికి వస్తుంది. బోల్టు వేస్తే సడలని రకం నట్టు వేసి, మిగిలిన మొనను చేతికి తగలకుండా ఆకురాయితో సమం చేయండి.

కర్ర అడ్డంగా దూరే కన్నం ఉన్న పారకు పద్ధతి వేరు. కన్నం ఏటవాలుగా ఉండి, కర్ర లావుకొస పైనుంచి వచ్చి బిగిసేదైతే ప్రతి ఊపుకూ అదే బిగుస్తుంది, ఏ మేకూ అక్కర్లేదు. లేదంటే కర్ర కొసన కన్నం లోతులో మూడింట రెండు వంతుల దాకా రంపంతో చీలిక కోసి, ఒకవైపు పలచగా చెక్కిన ఎండు చెక్కముక్కను అందులో దిగ్గొట్టాలి. ఊగుతోంది కదా అని కర్ర నెత్తిన ఇనపమేకులు కొట్టడం అందరూ చేసేదే. అవి పీచును చీలుస్తాయి, తుప్పు పట్టి చుట్టూ ఉన్న కలపను నల్లగా కుళ్లబెడతాయి. ఆ పూటకు ఆగుతుంది, తర్వాత కర్ర మొత్తం మార్చాల్సి వస్తుంది.

ఇంకో అలవాటు ఊగే పారను రాత్రంతా నీళ్లలో నానబెట్టడం. తడికి కర్ర ఉబ్బుతుంది గానీ చుట్టూ ఇనుము ఉండడం వల్ల ఎటూ పోలేక తన పీచును తనే నలుపుకుంటుంది. ఆరాక మొదటికంటే సన్నబడుతుంది. ఎన్నిసార్లు నానబెడితే అంత వదులు. నీళ్ల బదులు కర్ర కొసను అవిసె నూనెలో ఒక రోజు ఉంచితే ఉబ్బు తక్కువే అయినా ఆ నూనె లోపలే గట్టిపడి నిలుస్తుంది.

కర్రకు పూత కూడా ఈ నూనెతోనే. పలచగా రాసి, 20 నిమిషాలాగి పీల్చుకోని నూనెను తుడిచేయాలి. మర్నాడు మరో పూత, ఆ తర్వాత ఇంకొకటి. ఏడాదికోసారి ఒక్క పూత చాలు. తుడవకుండా వదిలేస్తే పైన జిగురు పొర కడుతుంది. వార్నిష్ వేయకండి, అరచేతికి బొబ్బలెక్కుతాయి, పొర పగిలినచోట లోపలికి దిగిన తడి బయటికి రాదు. ఒక్క ముఖ్యమైన జాగ్రత్త ఉంది. ఈ నూనెతో తడిసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతట అదే అంటుకోగలదు. గుడ్డను బయట విప్పి పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

ఫైబర్‌గ్లాస్ కర్రలకు చెద పట్టదు, కుళ్లు రాదు. ఎండకు మాత్రం పైపూత పోయి గాజు నూలు పైకి లేచి అరచేతిలో గుచ్చుకుంటుంది. ముక్కుకు మాస్క్ కట్టుకుని సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది ఎపాక్సీ పూత వేస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది. చీలితే మార్చడం తప్ప దారి లేదు. ఉక్కు పైపు కర్రల్లో లోపలికి దిగిన నీరే శత్రువు. పైకొస మూత ఊడితే వెంటనే బిగించండి.

తుప్పు, అంచు

పని అయ్యాక చేయాల్సింది రెండు నిమిషాల పని. చెక్కముక్కతో మట్టి గీకండి, మెడ గుంటలోదీ తీయండి, కడిగితే పొడిగా తుడవండి, నూనెగుడ్డతో ఒక్కసారి రుద్దండి. ఎరువులు కలిపిన రోజు కడగకుండా వదిలేయొద్దు. వాటి లవణాలు గాలిలో తేమను లాగి పట్టుకుంటాయి, పొడిగా కనిపించే రేకు కూడా లోపల తడిగా ఉండి తుప్పు పడుతుంది. బండి ఇంజన్లోంచి తీసిన పాత ఆయిల్ ఊరకే వస్తుందని రాయకండి. అందులోని లోహాలూ హానికరమైన రసాయనాలూ రేకు నుంచి మీ మట్టిలోకి చేరతాయి. నూనె కలిపిన ఇసుక బకెట్‌లో రేకును పొడిచి తీసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అది తుడిచిన రేకుకే పనికొస్తుంది, మట్టితో పొడిస్తే కొన్ని రోజులకు ఆ ఇసుకే తడి పట్టిన బురద అవుతుంది. పనిముట్లను గోడకు వేలాడదీయండి. కర్ర కొస నేలకు తగిలితే చెద ఎక్కుతుంది, రేకు సిమెంటు నేల మీదుంటే కింది తేమకు అంచు తుప్పు పడుతుంది.

ఇప్పటికే పట్టిన గట్టి తుప్పుకు సిట్రిక్ ఆమ్లం మంచిది. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి రేకును మాత్రమే ముంచండి, కర్ర తగలకూడదు. గంటకోసారి తీసి బ్రష్‌తో రుద్దుతూ మూడు నాలుగు గంటల్లో ముగించండి. రోజుల తరబడి వదిలేస్తే ఆమ్లం మంచి ఉక్కునూ తింటుంది, పదును పెట్టిన ఉక్కు పెళుసుబారుతుంది. తీశాక లీటరు నీటికి ఒక పెద్ద చెంచా తినేసోడా కలిపి కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. పావుగంట ఆలస్యమైనా కొత్త ఉక్కు మీద నారింజరంగు పొర వచ్చేస్తుంది.

పదును ఉన్న పారకు మెడ మీద భారం తగ్గుతుంది, అందుకని అంచు కూడా మన్నికలో భాగమే. 10 అంగుళాల చదును ఆకురాయి తీసుకుని, రేకును బిగించి, తయారైనప్పుడు ఏటవాలు ఏ వైపు ఉందో ఆ వైపే పట్టండి. తవ్వే అంచుకు దాదాపు 45 డిగ్రీలు. అంతకంటే సన్నగా తీస్తే మొదటి రాయికే మడత పడుతుంది. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి, రుద్దితే దాని పళ్లు పోతాయి. చివర్లో వెనకవైపు పేరుకున్న సన్నటి గరుకును ఒక్క పట్టుతో తీసేయండి.

గ్రైండర్ వాడితే రంగు మీద కన్నుంచండి. ఉక్కు గడ్డిరంగుకు తిరిగితే 220 డిగ్రీలు దాటినట్టు, నీలమైతే 300 దగ్గర. పారల ఉక్కును తయారీలో రెండోసారి సాధారణంగా అంతకంటే ఎక్కువే వేడి చేస్తారు కాబట్టి నీలం కనిపించగానే పార పాడైపోయినట్టు కాదు. కత్తెర బ్లేడు మాత్రం ఆ వేడికి మెత్తబడుతుంది, అంచు ఇక నిలవదు. కత్తెరకు గ్రైండర్ అసలు పెట్టకండి.

మీ కత్తెర

బిగుసుకుపోవడానికి కారణం చాలావరకు చెట్ల పాలూ జిగురూ ఇరుసు చుట్టూ ఎండిపోవడం, దాని కింద తేమ నిలిచి తుప్పు పట్టడం. బలవంతంగా తెరవకండి, స్ప్రింగ్ వంగుతుంది. ఇరుసులో సన్నటి యంత్రపు నూనె చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత నట్టు విప్పి, తీసిన భాగాలను తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చండి. జిగురును స్పిరిట్‌తో గానీ కిరోసిన్‌తో గానీ తుడవండి, తుప్పును సన్నటి ఉక్కుపీచుతో రుద్దండి. ఒకదాని పక్కగా ఒకటి జారే రకం కత్తెరలో కోసే బ్లేడుకు ఒక్కవైపే ఏటవాలు ఉంటుంది. ఆ వైపే 20 నుంచి 25 డిగ్రీల్లో సానరాయి పట్టండి. చదును వైపు రాయి మీద పూర్తిగా పరిచి రెండు మూడుసార్లు జరిపితే చాలు. ఆ వైపు ఏటవాలు తీశారంటే రెండు బ్లేడుల మధ్య సందు వచ్చి కొమ్మ కోసుకోకుండా నలుగుతుంది.

బిగించేటప్పుడు ఇరుసుకు కొంచెం గ్రీజు పెట్టండి. స్ప్రింగ్ వేయకముందే నట్టు సరిచూసుకోవాలి. కత్తెరను నిలువుగా పట్టుకుంటే బ్లేడు తన బరువుకు మెల్లగా జారాలి, పక్కలకు మాత్రం ఊగకూడదు. వాడేటప్పుడు 20 మిల్లీమీటర్లు దాటిన కొమ్మకు, ఎండిపోయిన కొమ్మకు రంపం తీసుకోండి. కొమ్మ తెగడం లేదని కత్తెరను మెలితిప్పితే ఇరుసు దగ్గర సందు పడుతుంది, అది సానతో పోయేది కాదు. తెగులు పట్టిన మొక్కలు కోశాక 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. బ్లీచింగ్ ద్రావణం బ్లేడును తింటుంది, తప్పనిసరై వాడితే వెంటనే కడిగి ఆరబెట్టి నూనె రాయాలి.

అన్నీ బిగించాక పలచటి కాగితం పెట్టి బ్లేడు మొదలు నుంచి కొస దాకా ఒక్క కోత కోయండి. కాగితం ఎక్కడ మడత పడిందో అక్కడ అంచు ఇంకా మొద్దుగా ఉన్నట్టు. కోత పొడవునా మడత పడితే నట్టు పావు మలుపు బిగించి మళ్లీ చూడండి.